లైబ్రరీ వెబ్‌సైట్ డిజైన్ నేర్పే విజయవాడ వీకెండ్ కోర్సు: 9,500 పెట్టొచ్చా?

ముందే తేల్చి చెప్పేస్తున్నా. ఫీజు 9,500. అందులో సగానికి పూర్తి న్యాయం జరిగింది, మిగతా సగం ఇంట్లో కూర్చుని పైసా ఖర్చు లేకుండా నేర్చుకునేదే. అయినా చేరమనే చెప్తాను, కాకపోతే దేనికోసం చేరుతున్నారో తెలుసుకుని చేరండి.

నాది గుంటూరు. ఒక ట్రస్టు లైబ్రరీ వెబ్‌సైట్, పూర్వ విద్యార్థుల సంఘం సైట్, ఇంకో సేవా సంస్థది నేనే చూసిపెడుతుంటాను. జీతం గీతం ఏమీ లేదు, కంప్యూటర్ తెలిసిన అబ్బాయి అని అప్పగించేశారు. అందరూ వాడుకోగలిగేలా, ముఖ్యంగా చూపు లేనివాళ్ళూ పెద్దవాళ్ళూ కూడా వాడుకోగలిగేలా వెబ్‌సైట్లు చేయడం నేర్పుతామని బెంజ్ సర్కిల్ దగ్గర ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు బ్యాచ్ పెడితే శని, ఆదివారాలు బస్సెక్కి వెళ్ళొచ్చాను. పేరు రాయట్లేదు, ఎందుకంటే కింద తిట్లు కూడా ఉన్నాయి, పెట్టినవాళ్ళు కుర్రాళ్ళు, నాలుగు మాటలు విని బాగుచేసుకుంటే చాలు.

బ్యాచ్‌లో సగం మంది బీటెక్ చివరి ఏడాది పిల్లలు, వాళ్ళకి కావాల్సింది యూఐ ఉద్యోగం, అంటే యాప్‌ల, సైట్ల తెరలు డిజైన్ చేసే పని. మిగతా సగంలో కాలేజీ లైబ్రేరియన్లు ఇద్దరు ముగ్గురు, ఒక గుడి ట్రస్టు ఆయన, ఒక ఎన్జీవో అమ్మాయి, నేను. ఈ రెండు రకాల వాళ్ళకీ ఒకే పాఠం చెప్పడం కష్టమే, చెప్పే మేడమ్‌ని తప్పు పట్టను. కానీ మొదటి వారాలన్నీ ఆ పిల్లల కోసమే నడిచాయి. ఫిగ్మా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో బటన్లు గీయడం, కలర్ ప్యాలెట్లు, కార్డుల చివర్లు ఎంత గుండ్రంగా ఉండాలి, ఇవన్నీ. పక్క సీట్లో లైబ్రేరియన్ మాస్టారు పాపం నోట్‌బుక్‌లో అన్నీ రాసుకుంటూ, "ఇదంతా మన కేటలాగ్‌కి పనికొస్తుందంటావా?" అని నన్ను అడుగుతుండేవారు.

తర్వాత రూల్స్ మీద పడ్డారు. వెబ్‌సైట్లు అందరికీ అందేలా ఉండాలని ప్రపంచమంతా పాటించే డబ్ల్యూసీఏజీ ప్రమాణాలు, వాటిలో ఏ, డబుల్ ఏ, ట్రిపుల్ ఏ అనే మెట్లు, 2023 అక్టోబరులో వచ్చిన 2.2 వెర్షన్‌లో కొత్తగా ఏం చేర్చారు, ఇవి. మామూలు సైజు అక్షరాలకీ వెనక రంగుకీ మధ్య కాంట్రాస్ట్, అంటే వెలుగులో తేడా, కనీసం 4.5:1 ఉండాలి, పెద్ద అక్షరాలైతే 3:1 చాలు. వేలితో నొక్కే బటన్ కనీసం 24 పిక్సెళ్ళ పొడవూ వెడల్పూ ఉండాలి, అంతకన్నా చిన్నదైతే పక్కదానికి దూరంగానైనా ఉండాలి. తనంతట తానే కదులుతూ 5 సెకన్లకు మించి నడిచే బొమ్మో, పరుగెత్తే వార్తో పేజీలో ఉంటే దాన్ని ఆపుకునే వీలు ఇవ్వాలి. ఈ ఒక్క రూల్ పెడితే మన జిల్లాలో సగం సంస్థల సైట్లు మూసుకోవాలి, ప్రతి దాంట్లోనూ ఎర్ర అక్షరాల నోటీసు ఒకటి కుడి నుంచి ఎడమకి పరుగెడుతూనే ఉంటుంది కదా. తమాషా ఏంటంటే ఈ కాంట్రాస్ట్ పాఠం చెప్పిన స్లైడ్లే తెల్లటి తెర మీద లేత బూడిద రంగు అక్షరాలు. వెనక వరసలో మాకు ఏమీ కనపడలేదు. ఒక కుర్రాడు లేచి "మేడమ్, ఇది ఎంత రేషియో వస్తుంది?" అని అడిగితే క్లాసంతా నవ్వింది, ఆవిడ కూడా నవ్వి లైట్లు తీయించారు.

ఈ రూల్స్ భాగానికి మాత్రం డబ్బు కట్టనక్కర్లేదు. వెబ్ ప్రమాణాలు తయారుచేసే డబ్ల్యూత్రీసీ సంస్థే డిజిటల్ యాక్సెసిబిలిటీ ఫౌండేషన్స్ అని ఉచిత ఆన్‌లైన్ కోర్సు పెట్టింది, ఇంగ్లీషులో ఉంటుంది, మన తీరికను బట్టి చేసుకోవచ్చు. అది ముందు చేసి ఇక్కడికి వస్తే ఈ వారాల్లో నిద్రపోవచ్చు, ఏసీ బాగుంటుంది.

ఇక డబ్బులు ఎక్కడ వసూలయ్యాయో చెప్తాను. ఒక శనివారం మేడమ్ అందరి మానిటర్లూ ఆపించి, మౌస్‌లు పీకించి ఒక డబ్బాలో వేయించారు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, కంప్యూటర్లో ఎన్‌వీడీఏ పెట్టుకుని, ఎవరి సంస్థ సైట్లో వాళ్ళు లైబ్రరీ ఎన్నింటికి తెరుస్తారో కనుక్కోమన్నారు. ఎన్‌వీడీఏ అంటే తెర మీద ఉన్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్, ఉచితం, 2006లో ఆస్ట్రేలియాలో మైకేల్ కర్రన్ అనే ఆయన మొదలుపెట్టారు, ఆయనకీ చూపు లేదు. గది నిండా జనం ఉన్నా చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. చెవిలో లింక్, లింక్, గ్రాఫిక్, లింక్, బటన్ అని వస్తూనే ఉంటుంది, మనకి కావాల్సింది మాత్రం రాదు. హెచ్ నొక్కితే ఒక హెడ్డింగ్ నుంచి ఇంకో హెడ్డింగ్‌కి దూకొచ్చు, కానీ దూకడానికి హెడ్డింగులు ఉంటేగా. మన సైట్లలో లావుగా, రంగుగా కనిపించే అక్షరాలు ఉంటాయి, కోడ్‌లో అవి హెడ్డింగులు కావు, మామూలు పేరాలే, ఎవరో సైజు పెంచి బోల్డ్ చేశారంతే. కంటితో చూసేవాడికి తేడా తెలియదు, చెవితో వినేవాడికి అదొక అంతులేని పేరా. ఈ సంగతి స్లైడ్ మీద రాస్తే ఎవడికీ ఎక్కదు, మౌస్ లాక్కుంటే పది నిమిషాల్లో ఎక్కుతుంది.

ఆ మర్నాడు ఇంకా బాగుంది. నిజంగా స్క్రీన్ రీడర్ మీదే చదువుకుంటున్న ఎంఏ విద్యార్థి ఒకాయన్ని పిలిపించారు, ఒక రిటైర్డ్ టీచర్ గారిని కూడా. మా సైట్లు వాళ్ళ చేతికిచ్చి, చిన్న చిన్న పనులు చెప్పి, మేం వెనక కూర్చుని చూడాలి. నోరు మెదపకూడదు అన్నది ఒక్కటే షరతు. అది ఎంత కష్టమో అనుభవించినవాడికే తెలుస్తుంది, వాళ్ళు సరైన బటన్ దాకా వచ్చి మళ్ళీ పైకి వెళ్ళిపోతుంటే చెయ్యి లాగేస్తుంది. అయిదుగురితో ఇలా చేయిస్తే చాలు, పెద్ద లోపాలు చాలావరకు బయటపడతాయని, వెబ్‌సైట్ల వాడకం మీద పరిశోధించే జేకబ్ నీల్సన్ 2000లో రాశాడని మేడమ్ చెప్పారు. మాకు ఇద్దరితోనే రెండు పేజీల జాబితా తయారైంది.

ఆ అబ్బాయి ఫోన్‌లో స్క్రీన్ రీడర్ చదివే స్పీడ్‌కి మాకు ఒక్క ముక్క అర్థం కాలేదు, ఆయనకి మాత్రం అదే మామూలు. ఒక కాలేజీ లైబ్రరీ సభ్యత్వం ఫారం దగ్గర ఆగాడు. "మేడమ్, ఇక్కడ ఎడిట్ బాక్స్ అంటోంది, కింద మళ్ళీ ఎడిట్ బాక్స్, ఇంకోటి ఎడిట్ బాక్స్. దేంట్లో పేరు రాయాలి, దేంట్లో ఫోన్ నంబర్ రాయాలి?" పేరు, ఫోన్ అన్న మాటలు పెట్టెల పక్కనే అచ్చంగా కనిపిస్తున్నాయి, కానీ కోడ్‌లో ఆ మాటకీ ఆ పెట్టెకీ సంబంధం కలపలేదు. లేబుల్ కట్టడం అంటే ఇదే, ఒక్క లైను పని. ఆ ఒక్క లైను లేక ఆయన సభ్యుడు కాలేడు, ఎవరినో బతిమాలి ఫారం నింపించుకోవాలి.

టీచరమ్మ గారిది ఇంకో కథ. ఆ కాలేజీ సైట్లోనే ఆదివారం లైబ్రరీ ఉంటుందో లేదో చెప్పమన్నాం. పైన ప్రారంభోత్సవం ఫొటోలు ఒకదాని తర్వాత ఒకటి జరుగుతున్నాయి, ఆవిడ ప్రతి ఫొటో మీదా నొక్కారు, ఏమీ తెరుచుకోలేదు. "ఈ దండలన్నీ ఎవరికి బాబూ, నాకు టైము కావాలి" అన్నారు. టైము "మా గురించి" అన్న పేజీలో, సంస్థాపకుల చరిత్ర అయ్యాక, ఎక్కడో కింద ఉంది. ఆ సైట్ చేసిన లైబ్రేరియన్ గారు అక్కడే ఉన్నారు, ఇంటికి వెళ్ళగానే పనివేళలు, సెలవు రోజు, ఫోన్ నంబరు పైకి తెచ్చి పెట్టేశారు. మన దేశంలో లైబ్రరీ సైన్స్‌కి పితామహుడనే రంగనాథన్ గారు 1931లో చెప్పిన అయిదు సూత్రాల్లో నాలుగోది పాఠకుడి సమయం ఆదా చేయమనే. లైబ్రరీ సైన్స్ చదివినవాళ్ళందరికీ అది కంఠతా వచ్చు, హోమ్ పేజీ దగ్గరికి వచ్చేసరికి అధ్యక్షుల వారి సందేశం పెద్ద ఫొటోతో వచ్చి కూర్చుంటుంది. మేడమ్ ఈ ముక్క అంటున్నప్పుడు మా వరసంతా తలలు దించుకుంది.

టూల్స్ గురించి ఒక మాట. లైట్‌హౌస్, వేవ్, యాక్స్ లాంటివి ఉచితంగా దొరుకుతాయి, పేజీ పరీక్షించి తప్పులు చూపిస్తాయి, లైట్‌హౌస్ అయితే 100కి మార్కులు కూడా ఇస్తుంది. ఒక కుర్రాడు నాకు 100 వచ్చిందని లేచి నిలబడ్డాడు. తీరా చూస్తే ఫొటోలన్నిటికీ స్క్రీన్ రీడర్ చదవడానికి పెట్టే వివరణ ఉంది, ఆ వివరణ ఏంటంటే కెమెరా పెట్టిన ఫైల్ పేరు, అక్షరాలూ అంకెలూ. వివరణ ఉందా లేదా అన్నది మెషిన్ చూస్తుంది, అందులో అర్థం ఉందా అన్నది మనిషే చూడాలి. ఇది ఆవిడ బాగా చెప్పారు.

ఇప్పుడు తిట్లు.

తెలుగు! కోర్సు మొత్తంలో తెలుగు సైట్ల గురించి గట్టిగా ఒక గంట కూడా చెప్పలేదు. ఉదాహరణలన్నీ అమెరికా యూనివర్సిటీ లైబ్రరీలే. 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టిన ఊళ్ళో, అయ్యంకి వెంకటరమణయ్య గారు లైబ్రరీల కోసం తిరిగిన ఊళ్ళో కూర్చుని, తెలుగు పుస్తకాల కేటలాగ్ ఎలా వెతకాలో చెప్పకపోతే ఎలా? మన లైబ్రరీలకి ఉన్న అసలు జబ్బు కాంట్రాస్ట్ కాదు. డీటీపీ షాపులో అను ఫాంట్లలో కొట్టించిన పుస్తకాల జాబితాని అలాగే తెచ్చి సైట్లో పెడతారు. అందులో కంటికి కనిపించేది తెలుగే, కంప్యూటర్ లోపల దాచుకున్నది మాత్రం ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు. గూగుల్‌కి దొరకదు, పేజీలో వెతికితే దొరకదు, స్క్రీన్ రీడర్ చదివితే పిచ్చి కూతలు వస్తాయి. యూనికోడ్‌లోకి, అంటే తెలుగు అక్షరాన్ని తెలుగు అక్షరంగానే దాచే పద్ధతిలోకి, మార్చకుండా మిగతావి ఎన్ని చేసినా దండగ. ఇంకో రకం వాళ్ళు జాబితాని ప్రింటు తీసి, స్కాన్ చేసి పీడీఎఫ్‌గా పెడతారు. అది పేజీ ఫొటో మాత్రమే, దాంట్లో చదవడానికి అక్షరం లేదు. ఓసీఆర్ (ఫొటోలోని అక్షరాల్ని టైపు అక్షరాలుగా మార్చడం) చేయించి, తప్పులు దిద్ది పెడితే తప్ప అది ఉన్నా లేనట్టే.

వీటి తర్వాత ఇంకా ఉన్నాయి. పేజీ భాష తెలుగు అని కోడ్‌లో ఒక చిన్న గుర్తు పెట్టాలి, టీఈ అని రెండక్షరాలు, అది ఉంటే స్క్రీన్ రీడర్ తెలుగు గొంతుకి మారగలదు. ఇంగ్లీషని పెట్టేస్తే ఇంగ్లీషు గొంతే తెలుగు చదవబోయి తంటాలు పడుతుంది. డబ్ల్యూసీఏజీలో ఇది మొదటి మెట్టు, అంటే ఏ స్థాయి నియమమే. అలాగే ఇంగ్లీషు అక్షరాలకి సరిపోయే లైన్ల దూరం మనకి చాలదు, పై లైను వత్తులు కింది లైను గుడుల్లోకి దిగిపోతాయి, చూపు మందగించినవాళ్ళు ఇక చదవలేరు. నోటో సాన్స్ తెలుగు, మండలి లాంటి ఉచిత ఫాంట్లు పెట్టి కొంచెం ఎడం ఇస్తే సరిపోతుంది. వెతుకులాట సంగతి వేరే చెప్పాలి. పాఠకుడు వెంకట అని కొడతాడు, కేటలాగ్‌లో వేంకట అని ఉంటుంది, ఫలితాలు సున్నా. ఇంకొకాయన ఇంగ్లీషు అక్షరాల్లో కొడతాడు. కోహా లాంటి ఉచిత కేటలాగ్ సాఫ్ట్‌వేర్ వాడే లైబ్రరీల్లో పేరుని రెండు మూడు రకాల స్పెల్లింగులతో ఎక్కించుకోవచ్చు, దానికి టెక్నాలజీ కన్నా ఓపిక కావాలి. ఈ విషయాలన్నీ క్లాసులో ఎవరూ చెప్పలేదు, టీ బ్రేకులో లైబ్రేరియన్లు వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకుంటుంటే విన్నవీ, మా సైట్ మీద పని చేస్తూ తెలిసినవీ. మేడమ్‌తో అంటే, "నిజమే సార్, మా మెటీరియల్ అంతా ఇంగ్లీషులో తయారైంది" అని ఒప్పుకున్నారు.

రెండోది, క్లాస్ మూడో అంతస్తులో, లిఫ్ట్ లేదు. అందరికీ అందుబాటు అన్న మాట బ్యానర్ మీద రాసి మెట్ల మలుపులో కట్టారు. ఆ ఎంఏ అబ్బాయిని మేం చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాం సరే, వీల్‌చైర్‌లో ఉన్నవాళ్ళు ఈ కోర్సుకి ఎలా వస్తారు? వాళ్ళ సొంత రిజిస్ట్రేషన్ ఫారం కూడా ట్యాబ్ కీతో చివరిదాకా వెళ్ళదు, తేదీ ఎంచుకునే చోట ఇరుక్కుపోతుంది. ఇది మేమే క్లాసులో కనిపెట్టి చూపించాం.

చట్టం సంగతి అరగంటలో తేల్చేశారు, నాకైతే అదే ఎక్కువ. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం, ప్రభుత్వ సైట్లకి జీఐజీడబ్ల్యూ అనే మార్గదర్శకాలు, డిజిటల్ సేవలు అందుకోవడం జీవించే హక్కులో భాగమేనని 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు. కమిటీ మీటింగుల్లో డబ్బు శాంక్షన్ చేయించుకోవడానికి ఆ చివరిది బాగా పనికొస్తుంది, మా ట్రస్టులో పనికొచ్చింది.

సర్టిఫికెట్ రోజు ఫొటోలు, శాలువాలు, మామూలే.

ఎవరు చేరొచ్చంటే, లైబ్రరీకో, స్కూలుకో, సంఘానికో సైట్ చూసేవాళ్ళు కళ్ళు మూసుకుని చేరొచ్చు, ఆ స్క్రీన్ రీడర్ శనివారం, ఆ మర్నాటి ఆదివారం ఇంట్లో దొరికేవి కావు. యూఐ ఉద్యోగం కోసం అయితే ఇంతకన్నా చవకగా దొరికే వీడియోలు చాలా ఉన్నాయి. సైట్ మొత్తం డీటీపీ ఫాంట్లలోనే ఉన్నవాళ్ళు ముందు ఆ డబ్బుతో టైపింగ్ తెలిసిన మనిషిని పెట్టుకుని జాబితా యూనికోడ్‌లోకి మార్పించండి, కోర్సు తర్వాతి బ్యాచ్‌లో చూసుకోవచ్చు. మధ్యాహ్నం భోజనం మన ఖర్చే, దగ్గర్లో మెస్సులు బోలెడు. తెలుగు మీద ఒక వారం పెడితే మా లైబ్రరీ నుంచి ఇద్దరిని పంపిస్తానని వాళ్ళకి చెప్పే వచ్చాను, అందులో ఒకావిడకి మోకాళ్ళ నొప్పులు, కింద గది తీసుకోమని కూడా చెప్పాను.