కళ్లకలకా, నల్లగుడ్డు మీద పుండా?

వానాకాలంలో కన్ను ఎర్రబడితే కళ్లకలకే అనుకుంటాం. చాలాసార్లు అదే. కానీ వరికోతలప్పుడు గడ్డిపోచో, వడ్లగింజో తగిలి ఎర్రబడిన కన్ను సంగతి వేరు, అది నల్లగుడ్డు మీద పుండు కావచ్చు.

కళ్లకలకలో మంట, ఇసుక పడ్డట్టు గరగర, నీరు కారడం ఉంటాయి. పొద్దున లేచేసరికి పుసులు కట్టి రెప్పలు అంటుకుపోతాయి. ఒక కంట్లో మొదలై రెండో కంటికి, తర్వాత ఇంట్లోవాళ్లకూ పాకుతుంది. పుసి తుడిచాక చూపు మాత్రం మామూలుగానే ఉంటుంది. వైరస్‌తో వచ్చినదైతే సాధారణంగా ఒకటి రెండు వారాల్లో దానంతటదే తగ్గుతుంది. చల్లటి తడిగుడ్డ, విడిగా ఒక తువ్వాలు, మాటిమాటికీ చేతులు కడుక్కోవడం చాలు.

పుండు అలా కాదు. నొప్పి ఎక్కువ, వెలుతురు చూడలేరు, చూపు మసకబారుతుంది, నల్లగుడ్డు మీద తెల్లమచ్చ కనబడుతుంది. ఫంగస్ చేరితే మొదట్లో బాధ పెద్దగా తెలియకపోవచ్చు, అందుకే 'తగ్గుతుందిలే' అని ఆగిపోతారు. కాంటాక్ట్ లెన్సులతో నిద్రపోయేవాళ్లకూ పుండు ముప్పు ఉంది.

నాకు అన్నిటికంటే భయం, మందుల షాపులో అడిగి తెచ్చుకునే స్టెరాయిడ్ చుక్కలంటే. పైకి ఎరుపు తగ్గుతుంది, లోపల ఫంగస్ పెరుగుతూనే ఉంటుంది. దయచేసి వేయకండి. ఆకుపసర్లు, తల్లిపాలు కూడా వద్దు.

గట్టి నొప్పి, మసక, తెల్లమచ్చ, దెబ్బ, లెన్సుల వాడకం, వీటిలో ఏ ఒక్కటున్నా అదే రోజు కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. పసికందు కన్ను ఎర్రబడినా అంతే. సున్నమో పురుగుమందో పడితే మాత్రం ముందు కనీసం 15 నిమిషాలు ధారగా నీళ్లతో కడిగి, వెంటనే బయల్దేరండి.