రేడియోనా, పత్రికా, సినిమానా: 1933 అమెరికాలో మామూలు సంసారానికి ఏది మేలు?

1933లో, ఆర్థిక మాంద్యం నడుమ, అమెరికాలో పని చేయగలిగినవాళ్లలో దాదాపు నలుగురికి ఒకరు ఖాళీగా ఉన్నారు. ఉద్యోగం నిలబెట్టుకున్న ఫ్యాక్టరీ కార్మికుడికి గంటకు సగటున 44 సెంట్లు, వారానికి 17 డాలర్లు అటూ ఇటూగా వచ్చేవి. పౌను (అర కిలోకు కాస్త తక్కువ) బ్రెడ్డు 7 సెంట్లు, క్వార్టు (లీటరుకు కాస్త తక్కువ) పాలు 10 సెంట్లు, పౌను కాఫీ 26, డజను గుడ్లు 29. అద్దె, బొగ్గు, తిండి పోగా వారానికి అర డాలరు మిగిలితే గొప్ప. ఆ అర డాలరుతో నాలుగు వార్తలు తెలియాలి, పిల్లలకు కాస్త కాలక్షేపం కావాలి. దాన్ని దేనిమీద పెట్టాలన్నదే లెక్క.

మన రూపాయల్లో చూసుకునేవాళ్లకు ఒక చిక్కుంది. 1933 మొదట్లో డాలరు దాదాపు నాలుగు రూపాయలు. ఏప్రిల్‌లో అమెరికా బంగారు ప్రమాణం (డాలరు విలువను బంగారానికి ముడిపెట్టే పద్ధతి) వదిలేశాక డాలరు పడిపోయి, ఏడాది చివరికి మూడు రూపాయల లోపుకు దిగింది. అందుకే ఈ లెక్కలు సెంట్లలోనే ఉంచడం మంచిది.

ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలు, పట్నంలో కరెంటున్న అద్దె ఇల్లు అనుకుందాం.

సినిమా: పేటలోని హాల్లో పెద్దలకు 25 సెంట్లు, పిల్లలకు 10. నలుగురూ వారానికోసారి వెళితే 70 సెంట్లు, అంటే పది పౌన్ల బ్రెడ్డు. ఏడాదికి 36 డాలర్లు దాటుతుంది.

పత్రిక: రోజుకు 2 సెంట్లు, ఆదివారం సంచికకు 10. వారానికి 22 సెంట్లు, ఏడాదికి పదకొండున్నర డాలర్లు.

రేడియో: చిన్న సెట్టు 25 డాలర్లు. అరవై వాట్ల సెట్టు రోజుకు నాలుగు గంటలు మోగితే నెలకు ఏడు యూనిట్ల చిల్లర. యూనిట్ అయిదున్నర సెంట్లు చొప్పున నెలకు 40 సెంట్లు, ఏడాదికి 4.80. ఏడాదికి ఒకటో రెండో ట్యూబులు (అప్పటి రేడియోల్లో ఉండే, బల్బుల్లాంటి గాజు భాగాలు) పోతాయి, ఒక్కొక్కటి డాలరు అటూ ఇటూ. మొదటి ఏడాది 32 డాలర్లు, ఆ తర్వాత ఏటా 7.

మాంద్యంలో జనం రేడియోకు అతుక్కుపోయింది అది చౌక కాబట్టి అని తరచూ అంటారు. పై అంకెలు కూడి చూస్తే అది నిలబడదు. అయిదేళ్లకు రేడియో ఖర్చు 60 డాలర్లు, పత్రిక ఖర్చు 57. రేడియో గెలిచేది ఆరో ఏట. 1933లో పన్నెండు డాలర్ల చిల్లరకు కూడా బుల్లి సెట్లు దొరికేవి. అలాంటిది కొంటే మూడో ఏటికే గెలుస్తుంది గానీ, ఆ సెట్టు మూడేళ్లు బతకాలిగా.

అయినా జనం రేడియోనే ఎంచుకున్నారు. 1930 జనాభా లెక్కల్లో కోటీ ఇరవై లక్షల ఇళ్లలో, అంటే నూటికి నలభై ఇళ్లలో రేడియో ఉంది. 1940కి నూటికి ఎనభై మూడు. ఇదే మాంద్యంలో టెలిఫోను ఉన్న ఇళ్లు 1929లోని నూటికి 41 నుంచి 1933కి 31కి పడిపోయాయి. ఫోను తీయించేసుకున్నవాళ్లు కూడా రేడియోను వదల్లేదన్నమాట. కారణం తలసరి లెక్కలో ఉంది. పత్రికను ఒకసారికి ఒకరే చదవగలరు, సినిమాకు తలకో టిక్కెట్టు కొనాలి. రేడియో ముందు నలుగురు కూర్చున్నా, పక్కింటివాళ్లు వచ్చి చేరినా పైసా పెరగదు. మూడు గంటలు విన్నా కరెంటుకు సెంటు దాటదు. లైసెన్సు రుసుమూ లేదు, ఖర్చంతా ప్రకటనలవాళ్లదే. (మన దగ్గర ఏడాదికి 10 రూపాయల లైసెన్సు ఉండేది. మద్రాసులో కార్పొరేషన్ వాళ్లు 1930 ఏప్రిల్ 1న ప్రసారాలు మొదలుపెట్టినా, ఆలిండియా రేడియో కేంద్రం వచ్చింది 1938 జూన్‌లో.)

అప్పట్లో రేడియో కొనేటప్పుడు మోసపోయే చోట్లు చాలా ఉండేవి. మొదటిది ధర. ప్రకటనల్లో వేసే ధర చాలాసార్లు ట్యూబులు లేకుండా. ఫిల్కో కంపెనీ 1930లో తెచ్చిన గుండ్రటి తల బేబీ గ్రాండ్‌ను 49.50 డాలర్లన్నారు, దాంట్లో ఏడు ట్యూబులు పడతాయి, వాటి డబ్బు వేరే. వాయిదాల మీద తీసుకుంటే అసలు ధరకు మించి కట్టాలి. నడుమ పని పోయి వాయిదాలు తప్పితే సెట్టు పట్టుకుపోతారు, కట్టింది తిరిగి రాదు. పని గ్యారంటీ లేని ఇంట్లో వాయిదాల ఫిల్కో కన్నా రొక్కానికి వచ్చే చిన్న సెట్టే నయం.

రెండోది ఇంటి కరెంటు. పెద్ద నగరాల పాత పేటల్లో అప్పటికీ డీసీ (ఒకే దిశలో పారే కరెంటు) సరఫరా ఉండేది. ట్రాన్స్‌ఫార్మరున్న ఏసీ (దిశ మారుతూ పారే కరెంటు) సెట్టును అక్కడ ప్లగ్గులో పెడితే ట్రాన్స్‌ఫార్మరు మాడిపోతుంది. ఇల్లు మారినప్పుడల్లా ముందు ఇది అడిగి తెలుసుకోవాలి. ఈ బాధ లేకుండా వచ్చినవే ఏసీ-డీసీ చిన్న సెట్లు. డీసీ ఇంట్లో అది వేడెక్కినా పలకకపోతే ప్లగ్గు తిరగేసి పెట్టాలి, అంతే.

అయితే ఆ చిన్న సెట్లలో ట్రాన్స్‌ఫార్మరు తీసేసి డబ్బు మిగిల్చారు, దాని ఫలితం మూడు చోట్ల కనిపిస్తుంది. ట్యూబుల ఫిలమెంట్లన్నీ (లోపల వేడెక్కే సన్నని తీగలు) పండగ సీరియల్ బల్బుల్లా ఒకే వరసలో ఉంటాయి. ఒకటి పోతే అన్నీ ఆరిపోతాయి. ఏది పోయిందో తేలాలంటే అన్నీ ఊడదీసి దుకాణంలో పరీక్ష చేయించాలి. రెండు, ఫిలమెంట్లకు అక్కర్లేని వోల్టేజీని ప్లగ్గు తీగలోనే దాచిన రెసిస్టెన్సు తీగ మింగుతుంది. తీగ వేడిగా ఉండటం దాని సహజం. పొడవుగా ఉందని కత్తిరించి పొట్టి చేస్తే రెసిస్టెన్సు తగ్గి ట్యూబులన్నీ కాలిపోతాయి. చుట్ట చుట్టినా, తివాచీ కింద దూర్చినా నిప్పు అంటుకునే ప్రమాదం. మూడు, లోపలి ఇనప చట్రం నేరుగా మెయిన్స్ తీగకు కలిసి ఉంటుంది. నాబ్ ఊడిపోయిన కడ్డీని, వెనక మరలను తడిచేత్తో తాకితే షాక్ కొడుతుంది. వంటింట్లో సింకు పక్కన దీన్ని పెట్టకూడదు.

ట్రాన్స్‌ఫార్మరున్న పెద్ద సెట్టుకు ఈ పీడ లేదు, గొంతూ నిండుగా ఉంటుంది. అది చౌకగా పాతది దొరికితే అదే తీసుకోవడం మంచిది, ఇంట్లో ఏసీ ఉంటే. పాతది కొనేముందు పావుగంట మోగించి వినాలి. పాట వెనక ఎడతెగని ఝుంకారం ఉంటే ఫిల్టరు కండెన్సరు (కరెంటు ఒడిదుడుకుల్ని సరిచేసే భాగం) ఎండిపోయినట్టు, అది మార్చాలి. గరగరలే ఎక్కువైతే ముందు ఏరియల్ చూడాలి. ఎత్తుగా బయట కట్టిన తీగ, కొళాయి గొట్టానికి ఎర్తు. గ్యాసు గొట్టానికి ఎర్తు కట్టడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే.

ఇక పత్రిక. రేడియో వచ్చాక పత్రిక ఎందుకు అనుకున్నవాళ్లకు 1933లోనే సమాధానం దొరికింది. మార్చి 12 ఆదివారం రాత్రి పదింటికి అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ రేడియోలో, దేశమంతటా మూయించిన బ్యాంకుల గురించి మాట్లాడాడు. సోమవారం ఫెడరల్ రిజర్వు (అమెరికా కేంద్ర బ్యాంకు) బ్యాంకులున్న నగరాల్లో, తర్వాతి రోజుల్లో విడతలుగా మిగతాచోట్ల బ్యాంకులు తెరుస్తామన్నాడు. కోట్లమంది పొద్దున్న పత్రిక రాకముందే విషయం విన్నారు. కానీ తమ ఊళ్లో ఏ బ్యాంకుకు అనుమతి వచ్చిందో పేర్లవారీగా చూసుకోవాలంటే పత్రికే దిక్కు.

తర్వాత పత్రికలవాళ్లు రేడియో వార్తల పీకే నొక్కారు. 1933 డిసెంబరులో న్యూయార్కు బిల్ట్‌మోర్ హోటల్లో కుదిరిన ఒప్పందం ప్రకారం, 1934 మార్చి నుంచి రేడియో నెట్‌వర్కులకు రోజుకు రెండే బులెటిన్లు. ఒక్కోటి అయిదు నిమిషాలు, పొద్దున తొమ్మిదిన్నర తర్వాత ఒకటి, రాత్రి తొమ్మిది తర్వాత ఒకటి, ఒక్కో వార్త 30 మాటలకు మించకూడదు. 1935లో వార్తా సంస్థలు తామే రేడియోకు వార్తలు అమ్మడం మొదలుపెట్టాక ఆ కట్టుబాటు సడలిపోయింది. కాబట్టి 1934లో వార్తల కోసమే రేడియో కొన్నవాడు నష్టపోయాడు. కాలక్షేపానికి కొన్నవాడికి నష్టం లేదు.

పని వెతుక్కునేవాడికి అసలు చర్చే లేదు. ఉద్యోగ ప్రకటనలు, అద్దె గదులు, కిరాణా దుకాణాల శని ఆదివారాల తగ్గింపు ధరలు, ఇవేవీ రేడియోలో రావు. ఆ ప్రకటనలు కూడా అచ్చయిన మొదటి గంటలోనే చూడాలి, మధ్యాహ్నానికి గుమ్మం ముందు వందమంది ఉంటారు. గ్రంథాలయంలో ఉచితంగా చదువుకోవచ్చు గానీ అది తెరిచేసరికి ఆలస్యమైపోతుంది. రోజూ 2 సెంట్లు పెట్టలేకపోతే ప్రకటనలు ఎక్కువగా వచ్చే ఆదివారం సంచిక ఒక్కటి కొనుక్కుని, మిగతా రోజులు గ్రంథాలయం చూసుకోవడం నయం. చదివేసిన కాగితమూ వృథా కాదు. అరమరల్లో పరుస్తారు, గోడ సందుల్లో కూరుతారు, బూట్ల అట్టలకు చిల్లులు పడితే లోపల మడిచి పెడతారు. ఇల్లు లేనివాళ్లు కప్పుకున్న పత్రికకు మాజీ అధ్యక్షుడి పేరు తగిలించి ‘హూవర్ దుప్పటి’ అనేవారు.

సినిమా ఖరీదెక్కువన్నది అంకెల్లో తేలిపోయింది. 1930లో వారానికి ఎనిమిది తొమ్మిది కోట్ల టిక్కెట్లు తెగాయి. 1933కి అది ఆరు కోట్లకు దిగింది. వార్తల కోసమైతే సినిమా దండగ. న్యూస్‌రీలు (హాల్లో వేసే వార్తల చిత్రం) వారానికి రెండుసార్లే కొత్తది వచ్చేది, అదీ పది నిమిషాలు. పేట హాలుకు చేరేసరికి వారాలు గడిచి, అద్దె తగ్గిన పాత రీలు వచ్చేది.

అయినా హాళ్లవాళ్లు జనాన్ని రప్పించుకోవడానికి పెట్టిన ఆశలు కొన్ని నిజంగా లాభమైనవే. ఒకే టిక్కెట్టుకు రెండు సినిమాలు, మూడు గంటల పైచిలుకు. వేసవిలో చల్లటి గాలి. ‘డిష్ నైట్’ నాడు పెద్దల టిక్కెట్టుకు ఒక పింగాణీ పాత్ర ఇచ్చేవారు, ఈ వారం కప్పు, వచ్చే వారం సాసరు. ఎలాగూ వారానికోసారి వెళ్లేవాళ్లు ఆ రోజే వెళితే గిన్నెలు ఉత్తపుణ్యానికి వచ్చినట్టే. కేవలం గిన్నెల కోసం వెళితే మాత్రం సెట్టు నిండేదాకా నెలల తరబడి టిక్కెట్లు కొంటూ పోవాలి, ఒక వారం తప్పితే సాసరు లేని కప్పు మిగులుతుంది.

డబ్బు బహుమతికి చీటీ తీసే ‘బ్యాంక్ నైట్’ ఇంకా తమాషా. హాలు పుస్తకంలో పేరు రాయించుకోవడానికి డబ్బు అక్కర్లేదు. చీటీలో పేరు వస్తే కొద్ది నిమిషాల్లో వేదిక మీదికి చేరాలి, రాకపోతే బహుమతి వచ్చే వారానికి కలుస్తుంది. టిక్కెట్టు తప్పనిసరి చేస్తే లాటరీ చట్టం కింద పడతారు కాబట్టి బయట నిలబడినా చెల్లేలా పెట్టుకున్నారు. తెలిసినవాళ్లు టిక్కెట్టు కొనకుండా గుమ్మం దగ్గరే చెవి వేసి ఉండేవారు.

పట్నంలో ఉద్యోగమున్న కుటుంబానికి వరస ఇలా పెట్టవచ్చు: రొక్కానికి చిన్న రేడియో, ఆదివారం పత్రిక, నెలకో సినిమా. మొదటి ఏడాది మొత్తం 46 డాలర్లలోపు, వారానికి 90 సెంట్లు. రెండో ఏడాది నుంచి 40 సెంట్లు. అర డాలరు బడ్జెట్లో మొదటి ఏడాది ఇమడదు కాబట్టి ఆ ఏడాది సినిమా మానుకోవాలి, రేడియో డబ్బు ముందే కూడబెట్టుకోవాలి. పని పోయిన ఇంట్లో వరస మారుతుంది: ముందు పత్రిక, రేడియో ఉంటే ఉంచుకోవడం, లేకపోతే కొనకపోవడం.

పల్లెలో ఈ లెక్కంతా తలకిందులు. 1935 నాటికి కూడా పది వ్యవసాయ కుటుంబాల్లో ఒకదానికే కరెంటు. 1932లో బుషెల్ (సుమారు 27 కిలోలు) గోధుమలు 38 సెంట్లకు పడ్డాయి, అంటే 25 డాలర్ల సెట్టుకు అరవై ఆరు బుషెళ్లు కొలవాలి. పైగా బ్యాటరీ సెట్టుకు మూడు రకాల బ్యాటరీలు కావాలి. ట్యూబుల్లోని ఫిలమెంట్లకు ఏ-బ్యాటరీ, ప్లేట్లనే లోపలి రేకులకు 45 వోల్టుల బీ-బ్యాటరీలు రెండు మూడు, గ్రిడ్ అనే లోపలి తీగల జాలీకి సీ-బ్యాటరీ. మొదటిది ఆమ్లపు రకమైతే పట్నం తీసుకెళ్లి ఛార్జి చేయించుకోవచ్చు. బీ-బ్యాటరీలు అయిపోతే పారేసి కొత్తవి కొనడమే, అసలు ఖర్చంతా అక్కడే. అందుకే పల్లెల్లో రోజంతా మోగించేవాళ్లు కాదు. వాతావరణం, పశువుల ధర, ధాన్యం ధర చెప్పే మధ్యాహ్నపు కార్యక్రమం, రాత్రి ఒక గంట, తర్వాత ఆపేయడం. 1935 ప్రాంతంలో జెనిత్ కంపెనీ తన సెట్టుతో పాటు కొంటే గాలిమర ఛార్జరు 10 డాలర్లకే ఇచ్చింది. గాలి బాగా వీచే మైదానాల్లో బ్యాటరీ ఛార్జికి బండి కట్టే పని దాంతో తప్పింది. చెట్లు, కొండలు అడ్డున్న చోట మాత్రం ఆ పది డాలర్లు పెట్టకపోవడమే మంచిది.