కోళ్ల ఎండు ఎరువు బస్తా: సరుకు మంచిదే, మీద రాసిందే బాలేదు

మేత ఖర్చు తగ్గించుకోవాలని చూసే చేపల రైతులు ఈ బస్తా కొనొచ్చు; ఎరువు వేస్తే చేపలు తినే సన్న జీవులు చెరువులోనే పెరుగుతాయి. వాడే పద్ధతి మాత్రం బస్తా మీద చూసి నేర్చుకోకండి.

పచ్చి ఎరువుతో పోలిస్తే కంపు తక్కువ, తడవకుండా ఉంచితే నిల్వ ఉంటుంది. పశువుల పేడ కంటే నత్రజని, భాస్వరం ఎక్కువ కాబట్టి కొద్దిగా వేసినా నీళ్లు రంగు తిరుగుతాయి. మా చెరువు ముందు లేత పచ్చగా మారింది. తర్వాత గాజు గ్లాసులో నీళ్లు ముంచి వెలుతురుకి పెట్టి చూస్తే తెల్లటి నలుసులు గెంతుతూ కనిపించాయి. అవి మోయినా, డాఫ్నియా అనే సన్న నీటి పురుగులు. బొచ్చె పిల్లలకు అంతకు మించిన మేత లేదు.

ఇక బస్తా మీది సలహా. 'సున్నంతో కలిపి, మొత్తం ఒకేసారి చల్లండి' అట! సున్నం తగిలితే ఎరువులోని నత్రజని అమ్మోనియాగా గాల్లో కలిసిపోతుంది. సున్నం ముందు వేసి, కొన్నాళ్లు ఆగి ఎరువు వేయాలి. ఒకేసారి కుమ్మరిస్తే దాన్ని కుళ్లబెట్టే బాక్టీరియా నీటిలోని ఆక్సిజన్ లాగేస్తుంది. రాత్రిపూట పచ్చనాచు కూడా ఆక్సిజన్నే వాడుకుంటుంది. ఇక తెల్లవారేసరికి చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తాయి. అందుకే ఎండ ఉన్న రోజుల్లో ఉదయం పూట కొంచెం కొంచెంగా వేస్తాను. మబ్బు పడితే వేయను.

మోతాదు చెప్పేది సెక్కీ పళ్లెమే, అంటే నీళ్లు ఎంత తేటగా ఉన్నాయో చూసే నలుపు తెలుపు పళ్లెం. మధ్యాహ్నం నీళ్లలోకి దించితే 30 సెంటీమీటర్ల దగ్గర కనుమరుగైతే బాగున్నట్టు. 20 లోపే మాయమైతే ఎరువు ఆపాలి. నీళ్లు బురదగా ఉంటే ఈ కొలత పనికిరాదు, రంగు చూసుకోవాలి.

నాకు నచ్చనిది ఊక. షెడ్డులో కోళ్ల కింద పరిచిందంతా ఇందులోనే ఉంది. నీళ్ల మీద తేలి మూలలకు చేరి కుళ్లుతుంది. ఎరువును గోనె సంచిలో కట్టి, గుంజకు వేలాడదీసి నానబెడితే సారం దిగుతుంది, ఊక సంచిలోనే ఉండిపోతుంది. ఆ పని మనకెందుకు పెట్టాలో తయారుచేసేవాళ్లే చెప్పాలి.

చేపపిల్లల్ని ఒత్తుగా వదిలి పెల్లెట్ మేత పెట్టేవాళ్లకు ఇది అక్కర్లేదు. వాళ్ల చెరువులో చేపల విసర్జనే కావలసినంత ఎరువు.

అయిదుకు మూడు. నత్రజని ఎంతో, ఊక ఎంతో బస్తా మీద అచ్చు వేస్తే నాలుగు ఇస్తాను.