గీతలకు ఆన్‌లైన్ సరే, రంగుకు మాత్రం కాదు

నేల మీద పరిచే నూలు జంపఖానాలు, అదే షత్రంజీల డిజైన్ నేర్పుతాను. 2020లో వేరే దారి లేక ఆన్‌లైన్ మొదలుపెట్టి, తర్వాత మానలేదు. ఇప్పుడు వారానికి రెండు రోజులు హన్మకొండలో మా గదిలో, మూడు రోజులు సాయంత్రం ఏడింటికి ల్యాప్‌టాప్ ముందు.

మొదట్లో ఆన్‌లైనే మేలని అందరికీ చెప్పాను. ఫోన్ స్టాండుకు పెట్టి పైనుంచి నా చేతిని చూపిస్తే, గ్రాఫ్ కాగితం మీద ఒక్కో గడి ఎట్లా నింపుతున్నానో పరకాలలో కూర్చున్న పిల్లకూ కనిపిస్తుంది. గదిలో ఇరవై మంది బల్ల చుట్టూ మూగితే వెనకవాళ్లకు ఏమీ కనపడదు. ఆ మాట ఇప్పటికీ నిజమే, కాకపోతే గీతల వరకే.

నర్సంపేట అమ్మాయి ఒకామె అంచుకు ఇటుక రంగు వేసి చూపించింది. నాకు పసుపు ఎక్కువైనట్టు అనిపించి తగ్గించు, ఇంకొంచెం తగ్గించు అంటూ పోయాను, చివరికి బాగుందన్నాను. అది చూపించి రెండు కిలోల నూలు అద్దకం చేయించింది. కొత్తవాడలో మగ్గం ముందు ఆ లచ్చలు విప్పగానే నేసే పెద్దాయన, "ఇటుక రంగంటివి, ఇది రాణి రంగు గదా బిడ్డా" అన్నాడు. తప్పు నాది. పొద్దుగూకగానే దానంతటదే నైట్ లైట్ వచ్చేలా నా ల్యాప్‌టాప్‌లో ఎప్పుడో పెట్టి మర్చిపోయాను, అది నీలాన్ని తగ్గించి అన్నిటినీ పసుపుగా చూపిస్తుంది. నేను తగ్గించమన్న పసుపు ఆ పిల్ల డిజైన్‌లో లేనే లేదు.

"నాకు గులాబీలాగే కనపడింది మేడమ్, మీరు బాగుందన్నారు కదా అని ఊరుకున్నా" అంది. నూలు పైసలు నేనిచ్చాను గానీ ఆ మాట ఇంకా గుచ్చుతూనే ఉంది. గదిలో అయితే పోగులు కిటికీ దగ్గర పెట్టి ఇద్దరం ఒకే వెలుతురులో చూసేవాళ్లం, ఆమె మొహంలో అనుమానం కనపడేది, నేనే అడిగేదాన్ని. ఆన్‌లైన్‌లో అందరూ కెమెరా ఆపుకునే ఉంటారు.

ఇప్పుడు అద్దిన నూలు ముక్కలు అట్టకు కట్టి, నంబర్లు వేసి, ఆర్టీసీ కార్గోలో ప్రతి ఒక్కరికీ పంపిస్తున్నాను. "ఏడో నంబర్ ఎరుపు" అంటే అందరి చేతిలో అదే పోగు. చాలావరకు కుదిరింది, అయినా రెండు రంగులు పడుగు పేకల్లో కలిస్తే ఎట్లుంటుందో అట్ట మీద తెలియదు, అందుకే రంగుల పాఠం వరకు గదికే రమ్మంటున్నాను.

చిన్న పిల్లలున్న ఆడవాళ్లు, బస్సు ప్రయాణానికే రెండు గంటలు పోయేవాళ్లు నా దగ్గర సగం మంది, వాళ్ల కోసం ఆన్‌లైన్ ఆపను. వరంగల్‌లోనే ఉండి బండి మీద రాగలిగినవాళ్లు మాత్రం గదికే రండి.