తిరుపతిలో హాస్టలా, రూమా: ఏది మేలు?

తిరుపతికి చదువుకో కోచింగ్‌కో వచ్చిన పిల్లలు మొదటి వారమే ఈ వాదనలో పడతారు. హాస్టల్ దండగని ఒకరు, రూమ్ తలనొప్పని ఇంకొకరు. స్కూల్లో నేర్చుకున్న బీజీయ సమాసం ఒక్కటి కాగితం మీద రాస్తే సగం వాదన తెగిపోతుంది.

హాస్టల్ లెక్క సులువు. భోజనంతో కలిపి నెలకు 6000 రూపాయలు అనుకుందాం. ‘నె’ నెలలుంటే 6000నె. సంక్రాంతికి వారం ఊరెళ్లొచ్చినా పైసా తగ్గదు.

రూమ్ సంగతి వేరు. భవానీ నగర్‌లోనో ఎమ్మార్ పల్లిలోనో అద్దె 8000, కరెంటు, గ్యాస్, నీళ్లకు 1000 అనుకోండి. ఈ 9000ని ‘మ’ మంది పంచుకుంటారు. సరుకులు మనిషికి రోజుకు 90, ఇంట్లో తినే రోజులు ‘ర’. ఒక్కొక్కరికి నెల ఖర్చు: 9000/మ + 90ర. మీ ఏరియా రేట్లు వేరైతే ఆ అంకెలే మార్చుకోండి.

ర = 25 అయితే ఇద్దరున్నప్పుడు తలా 6750, ముగ్గురైతే 5250, నలుగురైతే 4500. ఇద్దరికి హాస్టలే చవక. మూడో మనిషి రాగానే 1500 తగ్గింది, నాలుగో మనిషి వస్తే తగ్గేది 750 మాత్రమే. ‘మ’ హారంలో ఉండటం వల్లే ఇలా. ఇరుకు గదిలో నాలుగో మంచం వేసేముందు ఇది చూసుకోవాలి. ముగ్గురిలో ఒకరు మధ్యలో ఖాళీ చేస్తే మిగతా ఇద్దరి మీద ఒక్కసారిగా తలా 1500 పడుతుంది. అసలు టెన్షన్ అదే. వారంవారం చిత్తూరు వెళ్లొచ్చేవాళ్లకైతే ‘ర’ 22కి పడిపోతుంది, ఇంకో 270 మిగులుతుంది. అందులో బస్సు ఛార్జీ కలపలేదు, అది ఎక్కడున్నా తప్పదు కాబట్టి.

స్టవ్, సిలిండర్, గిన్నెలకు మొదట్లో 9000 పెట్టాలి. ముగ్గురైతే తలా 3000. హాస్టల్ కంటే నెలకు 750 మిగులుతుంది కాబట్టి 750నె = 3000, అంటే నాలుగు నెలల్లో ఆ డబ్బు తిరిగొస్తుంది. కానీ ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరుతో ఓనరు అడ్వాన్సులో ఒక నెల అద్దె పట్టుకుంటే 9000 కాస్తా 17000 అవుతుంది, నాలుగు నెలలు దాదాపు ఎనిమిదవుతాయి.

అందుకే ఆర్నెల్ల కోచింగ్‌కు నేను హాస్టలే చెప్తాను. ఎస్వీ యూనివర్సిటీలో రెండేళ్ల పీజీకి వచ్చి, వంతులేసుకుని వండుకునే ముగ్గురు దొరికితే రూమే మేలు. అడ్వాన్సు ఇచ్చేముందు మాత్రం పెయింటింగ్ మాట ఓనరుతో తేల్చుకుని, అగ్రిమెంటులో రాయించుకోండి.