రేడియం పట్టీలు, నడుము దీపం: పర్లాకిమిడి చీకటిలో నాలుగు చలికాలాలు

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా నేనూ మా ఆడపడుచూ తెల్లవారుజామున 5 గంటలకే పరుగుకు బయలుదేరతాము. ఒడిశాలోని పర్లాకిమిడిలో మా వీధి నుంచి పాతపట్నం రోడ్డు పట్టి, నీలమణి దుర్గ అమ్మవారి గుడి దగ్గర వెనక్కి తిరుగుతాము. జనవరిలో ఇక్కడ సూర్యోదయం ఆరున్నర ప్రాంతంలో అవుతుంది. ఆ వేళకు ఇద్దరమూ వంటింట్లో పిల్లలకు క్యారేజీలు సర్దుతూ ఉండాలి. కాబట్టి మా పరుగు దాదాపు మొత్తం చీకటిలోనే సాగుతుంది. నాలుగు చలికాలాలు వాడి చూశాక ఏ వస్తువు నిజంగా పనికివచ్చిందో, దేనికి డబ్బు దండగ అయిందో రాస్తున్నాను.

మొదట కొన్నది తలకు కట్టుకునే టార్చి ఒక్కటే. వెలుతురు 200 ల్యూమెన్లు, ధర 1,200 రూపాయలు. దారి బాగా కనిపిస్తోంది కదా అని ధైర్యంగా ఉండేదాన్ని. డిసెంబరులో ఒకరోజు ధాన్యం బస్తాలతో ఎదురుగా వచ్చిన ట్రాక్టరు మాకు నాలుగడుగుల దూరంలో బ్రేకు వేసి ఆగింది. నడుపుతున్న కుర్రవాడు వణికిపోతూ కిందికి దిగాడు. "దీపం కనిపించింది మేడం, దూరంగా వస్తున్న మోటారు సైకిలు అనుకున్నాను. మనుషులని తెలియలేదు" అన్నాడు. అతని తప్పేమీ లేదు. చీకటిలో ఒక్క తెల్లని చుక్క కనిపిస్తే అది ఎంత దూరంలో ఉందో ఎవరు చెప్పగలరు? గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే లారీ సెకనుకు 16 మీటర్లకు పైగా ముందుకు వస్తుంది. అది మనిషా కాదా అని డ్రైవరు రెండు సెకన్లు తటపటాయిస్తే 30 మీటర్లు దాటిపోతాయి. అప్పటిదాకా నాకు దారి కనిపించడం గురించే ఆలోచించాను. నేను వాళ్లకు మనిషిలా కనిపించాలన్న ఊహే రాలేదు.

ఆ వారమే చీలమండలకు కట్టుకునే మెరుపు పట్టీలు కొన్నాము. జత 150 రూపాయలు. నా దగ్గరున్న అన్నిటిలో నేను ఎక్కువగా నమ్మేది వీటినే. స్వీడన్ మనస్తత్వ శాస్త్రవేత్త గున్నార్ యోహాన్సన్ 1973లో ఒక పరిశోధన ప్రచురించాడు. ఒళ్లంతా చీకటిలో ఉంచి, కీళ్ల దగ్గర మాత్రం వెలుగు చుక్కలు కనిపించేలా చేస్తే, కదలిక మొదలైన మరుక్షణమే చూసేవాళ్లు అది మనిషి నడక అని పోల్చుకున్నారు. పైకీ కిందికీ మారిమారి లేచే రెండు మెరుపులు బండివి కావు, కాళ్లవేనని కన్ను వెంటనే చెబుతుంది. పట్టీలు కట్టిన తరువాత ఎదురు బండ్లు ముందుగానే వేగం తగ్గించి పక్కకు జరగడం మేమిద్దరమూ గమనించాము. ఛాతీ మీద మెరిసే చొక్కా ఒక్కటే వేసుకున్న రోజుల్లో ఇంత తేడా కనిపించలేదు.

మా వైపు వీటిని రేడియం పట్టీలు అంటారు. వీటిలో రేడియం ఉండదు. సన్నని గాజు పూసలు గానీ, పట్టకం ఆకారంలో ఉన్న చిన్నచిన్న అచ్చులు గానీ ఉంటాయి. అవి తమ మీద పడిన వెలుతురును వచ్చిన దిక్కుకే తిప్పి పంపుతాయి. అందుకే హెడ్‌లైటు వెనక కూర్చున్న డ్రైవరుకు తళతళ మెరుస్తాయి, పక్కన నిలబడ్డవారికి బూడిదరంగు గుడ్డలా ఉంటాయి. పట్టీ ఇంకా పనిచేస్తోందో లేదో ఇంట్లోనే చూసుకోవచ్చు. దీపాలు ఆర్పి, ఫోను టార్చిని కంటి పక్కనే ఆనించి పట్టుకుని, పదిహేను అడుగుల అవతల తగిలించిన పట్టీ మీద వెయ్యండి. తెల్లగా భగ్గుమనాలి. నా మొదటి చొక్కాను రాతి మీద బాది ఉతికేదాన్ని, రెండో చలికాలానికే దాని పట్టీలు పగిలి మసకబారాయి. ఇప్పుడు తిరగేసి, చేత్తో మెల్లగా ఉతికి, నీడలో ఆరేస్తున్నాను. ఇస్త్రీ పెట్టను. ఎన్ని ఉతుకుల దాకా మెరుపు నిలుస్తుందో మంచి చొక్కాల లేబులు మీదే ఉంటుంది, కొనేముందు చదవండి.

చలికాలంలో అందరూ చేసే పొరపాటు ఒకటి ఉంది. చలి వేస్తోందని ఆ చొక్కా మీద స్వెట్టరో శాలువో కప్పుకుంటారు. అప్పుడు అది ఉన్నా లేనట్టే. స్వెట్టరు లోపల, మెరిసే చొక్కా అన్నిటికన్నా పైన ఉండాలి. ఒక సైజు పెద్దది తీసుకుంటే సరిపోతుంది. ఆకుపచ్చ కలిసిన పసుపు రంగు చూసి మోసపోకండి. ఆ రంగు పగటి వెలుతురులో ఉండే అతినీలలోహిత కిరణాల వల్ల మెరుస్తుంది. అర్ధరాత్రికీ అయిదింటికీ దానికి ఆ బలం లేదు, చీకటిలో పని చేసేవి పట్టీలే.

తల టార్చిని రెండో ఏడాది నడుముకు మార్చాను. మహేంద్రతనయ నది వైపు నుంచి పొగమంచు దిగిన రోజుల్లో తల మీది దీపం కంటికి ఎదురుగా తెల్లని గోడ కడుతుంది. దీపం కంటికి దగ్గరగా ఉండటంతో మంచు బిందువుల మీద పడిన వెలుతురు తిరిగి కంట్లోకే వస్తుంది. నడుము దగ్గర కడితే ఆ గోడ చాలావరకు తొలగిపోతుంది. ఇంకో లాభం నీడలు. కోతలయ్యాక మా వైపు ధాన్యం రోడ్డు మీదే ఆరబోస్తారు, బండ్లు ఎక్కకుండా చుట్టూ రాళ్లు పేరుస్తారు. ధాన్యం ఎత్తేశాక ఆ రాళ్లు కొన్ని అక్కడే మిగిలిపోతాయి. తల మీది వెలుతురులో రాయికి నీడ కనిపించదు, రాయీ రోడ్డూ ఒకే రంగు. ఒకసారి అలాంటి రాయి తగిలి మోకాలు చీరుకుపోయి మూడు వారాలు ఇంట్లో కూర్చున్నాను. నడుము దీపంతో ప్రతి రాయి వెనకా పొడవైన నీడ పడుతుంది, ముందే అడుగు మార్చుకోవచ్చు. తడిసిన గడ్డి మీద మాత్రం ఏ దీపం ఉన్నా కాలు జారుతుంది, అక్కడ నడవడమే మేలు.

టార్చి డబ్బా మీద 40 గంటలు అని ఉంటే దాన్ని నమ్ముకుని బయలుదేరకండి. చాలా కంపెనీలు పాటించే కొలత ప్రకారం వెలుతురు మొదటి దానిలో పదో వంతుకు పడిపోయేదాకా గడిచిన సమయాన్ని లెక్కిస్తారు. పదో వంతు వెలుతురులో పరుగెత్తలేము. నేను వారానికి రెండుసార్లు ఛార్జి చేస్తాను, నాలుగేళ్లకు కూడా నా టార్చి నిలబడింది.

వీపున మిణుకుమనే ఎర్ర దీపం గురించి మా ఆడపడుచు మొదట ఒప్పుకోలేదు. "ఎదురుగా వచ్చే బండ్లను చూస్తూనే పరుగెడుతున్నాం కదా వదినా, వెనక దీపం దేనికి?" అంది. నిజమే, మేము రోడ్డుకు కుడివైపునే పరుగెడతాము. కానీ వెనక నుంచి ముందు బండిని దాటబోయే లారీ మా వైపుకే వస్తుంది. దీపం లేని సైకిళ్లు, ఎద్దుబండ్లు కూడా వస్తాయి. వాటికి హెడ్‌లైటు లేదు కనుక మన రేడియం పట్టీ మెరవదు. అక్కడ మన సొంత దీపమే దిక్కు. దీనిలో వేసే బిళ్ల బ్యాటరీ ఒక చలికాలం వస్తుంది.

మంకీ క్యాప్ మానేశాను, చెవులు మూసుకుంటే వెనక ట్రాక్టరు చప్పుడు వినిపించదు. ఇయర్‌ఫోన్లూ అంతే. కుక్కలు వెంటపడితే పరుగు ఆపి, దీపం నేలకు దించి, నడుస్తాము. ఇంతవరకు కరవలేదు. కరిస్తే మాత్రం సబ్బుతో ధారగా పారే నీటి కింద 15 నిమిషాలు కడిగి, అదే రోజు టీకాకు వెళ్లాలి. బయలుదేరేటప్పుడు ఫోనులో మేము ఎక్కడున్నామో మా ఆయనకు కనిపించేలా పెడతాము. మార్గశిర గురువారాల్లో మాత్రం ఆ బెంగ ఉండదు. ఒడియా ఇళ్ల ఆడవాళ్లు లక్ష్మీపూజకు చీకటితోనే లేచి గుమ్మాల ముందు బియ్యప్పిండితో ఝోటి ముగ్గులు వేస్తుంటారు, మా వీధి చివరిదాకా దీపాలే.

ఈ ఏడాది మూడు జతల పట్టీలు కొన్నాము. రెండు మాకు. మూడోది మాకు పాలు పోసే అబ్బాయి సైకిలు పెడళ్లకు చుట్టి కుట్టాము. నిన్న తెల్లవారుజామున మా నడుము దీపాల వెలుతురులో అతను దూరం నుంచే కనిపించాడు.