రెక్కల్లేని పాత పురుగుల చుట్టరికం తేల్చడానికి ఏది మేలు: బార్‌కోడా, లాంగ్ పీసీఆరా, జీనోమ్ స్కిమ్మింగా?

గుంటూరు, విజయవాడ కాలేజీల్లో జువాలజీ, బయోటెక్నాలజీ ప్రాజెక్టుకు సిల్వర్‌ఫిష్, స్ప్రింగ్‌టెయిల్ లాంటి రెక్కల్లేని పురుగుల్ని ఎంచుకున్నవాళ్లు ముందుగా తేల్చుకోవాల్సింది ఒకటుంది: మైటోకాండ్రియా డీఎన్‌ఏలో ఎంత చదవాలి? దీనికి మూడు దారులున్నాయి. కాక్స్1 జన్యువులో 658 బేస్‌ల ముక్క మాత్రమే చదివితే అది బార్‌కోడ్. సుమారు 16 వేల బేస్‌ల వలయాన్ని పీసీఆర్‌తో (డీఎన్‌ఏ ముక్కను లక్షల ప్రతులుగా పెంచే పద్ధతి) రెండు పెద్ద ముక్కలుగా పెంచి, ఒక్కో భాగాన్ని విడిగా చదివే సాంగర్ పద్ధతిలో చదివితే లాంగ్ పీసీఆర్. పురుగు డీఎన్‌ఏ మొత్తాన్నీ పైపైన సీక్వెన్స్ చేయించి, వచ్చిన రీడ్స్‌లోంచి (చదివిన చిన్న ముక్కల్లోంచి) మైటోకాండ్రియా వలయాన్ని కంప్యూటర్లో కూర్చుకుంటే జీనోమ్ స్కిమ్మింగ్.

మా అభిప్రాయం ముందే చెబుతాం. దొరికిన పురుగు ఏ జాతిదో తెలియాలంటే బార్‌కోడ్ చాలు. క్రమాల (ఆర్డర్ల) మధ్య చుట్టరికం అడుగుతుంటే స్కిమ్మింగ్‌కే వెళ్లండి. లాంగ్ పీసీఆర్‌తో కొత్తగా పని మొదలుపెట్టడానికి ఇప్పుడు పెద్దగా కారణం లేదు. అయితే స్కిమ్మింగ్‌తో వచ్చే పూర్తి జీనోమ్ కూడా ఒక హద్దు దాటాక జవాబు చెప్పలేదు. ఆ హద్దు ఎక్కడో తెలియకుండా దిగితే మంచి డేటా నుంచి తప్పు వంశవృక్షం వస్తుంది.

ఎంత పాత చుట్టరికం?

రెక్కల్లేని పాత గుంపులు ఐదు. కొలెంబోలా (స్ప్రింగ్‌టెయిల్స్), ప్రోట్యూరా, డిప్లూరాలకు నోటి భాగాలు తల లోపలే దాగి ఉంటాయి. ఆర్కియోగ్నాథా, జైజెంటోమాలకు బయటికి కనిపిస్తాయి. ఇంట్లో పాత పుస్తకాల మధ్య తిరిగే సిల్వర్‌ఫిష్ జైజెంటోమాకు చెందింది. దాని దవడ తలకు రెండు కీళ్లతో అతుకుతుంది, రెక్కల పురుగుల్లో కూడా అంతే. ఆర్కియోగ్నాథాకు ఒకే కీలు. అందుకే ఈ ఐదింటిలో రెక్కల పురుగులకు అన్నిటికన్నా దగ్గర చుట్టం సిల్వర్‌ఫిష్ అంటారు.

స్కాట్లండ్‌లోని రైనీ చెర్ట్ రాళ్లలో దొరికిన రైనియెల్లా అనే స్ప్రింగ్‌టెయిల్ శిలాజానికి దాదాపు 41 కోట్ల ఏళ్లు. 2014లో మిసోఫ్ బృందం 1,478 న్యూక్లియర్ జన్యువులతో వేసిన లెక్క ప్రకారం కీటకాల పుట్టుక సుమారు 48 కోట్ల ఏళ్ల నాటిది. పద్ధతి ఎంచుకునేటప్పుడు ఈ వయసులు కళ్లముందు ఉండాలి. కాక్స్1లో కోడాన్ (ఒక అమైనో ఆమ్లాన్ని సూచించే మూడు బేస్‌ల ముక్క) మూడో స్థానం చాలా వేగంగా మారుతుంది. అన్ని కోట్ల ఏళ్లలో ఒకే స్థానం పదేపదే మారిపోయి పాత గుర్తు చెరిగిపోతుంది. అమైనో ఆమ్లాలుగా మార్చితే 658 బేస్‌లు 219 అక్షరాలే. వాటితో క్రమాల చెట్టు వేయకూడదు.

పురుగులు పట్టడం

ఏ దారిలో వెళ్లినా సగం వైఫల్యం ఇక్కడే మొదలవుతుంది. మే ఎండల్లో కొండపల్లి అడవిలో ఆకుచెత్త పొడి పొడి అవుతుంది, స్ప్రింగ్‌టెయిల్స్ లోపలి తేమలోకి దిగిపోతాయి. జూలై నుంచి నవంబరు దాకా, వానలు పడ్డ వారంలో వెళ్లడం మేలు. ఆకుచెత్తను బెర్లీసి గరాటులో 2 మిల్లీమీటర్ల జల్లెడ మీద 5 సెంటీమీటర్లకు మించని మందంలో పరిచి, పైన 40 వాట్ల బల్బు కాస్త ఎత్తులో వేలాడదీయండి. బల్బు దగ్గరైతే చెత్త పైనుంచి ఒక్కసారిగా ఎండిపోయి, పురుగులు కిందికి దిగేలోపే చచ్చిపోతాయి. గుంటూరు నల్లరేగడి మట్టితో ఇంకో చిక్కుంది: ఎండేకొద్దీ గడ్డకట్టి పురుగులు లోపలే బిగుసుకుపోతాయి. మట్టిని పలచగా విడదీసి, పై భాగం కిందికి వచ్చేలా తిరగేసి పెట్టాలి.

గరాటు కింద 95 శాతం ఇథనాల్ పెట్టండి. ఫార్మలిన్ వద్దు, డీఎన్‌ఏ ముక్కలైపోతుంది. పురుగుల్లోని నీటితో ఇథనాల్ పలచబడుతుంది కాబట్టి 24 గంటల తర్వాత మార్చి, మైనస్ 20 డిగ్రీల్లో దాచాలి. ఇథనాల్ ఆవిరి మీద వేడి బల్బు పెట్టి రాత్రంతా వదిలేయకండి, నిప్పు ప్రమాదం ఉంది.

ఆర్కియోగ్నాథా గరాటులో దొరకవు. రాత్రిపూట టార్చితో రాళ్ల మీద, చెట్ల బెరడు మీద వెతకాలి. గెంతుతాయి కాబట్టి చేత్తో పట్టడం కన్నా పీల్చే గొట్టం మేలు.

సిల్వర్‌ఫిష్ అయితే డీఎన్‌ఏ కాళ్ల నుంచి తీయండి. కడుపులో తిన్నది ఉంటుంది, అది కూడా సీక్వెన్స్ అవుతుంది. మిల్లీమీటరు సైజు స్ప్రింగ్‌టెయిల్‌ను నలపకుండా ప్రోటీనేజ్ కె ద్రావణంలో 56 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచితే లోపలి కణజాలం కరిగి, పైపొర మిగులుతుంది. ఆ పైపొరను స్లైడ్ మీద దాచాలి. పేరు మీద సందేహం వస్తే చూడటానికి అదే సాక్ష్యం.

బార్‌కోడ్

ఎల్‌సీఓ1490, హెచ్‌సీఓ2198 అనే ప్రైమర్లు (పీసీఆర్ ఎక్కడ మొదలవ్వాలో చూపే చిన్న డీఎన్‌ఏ ముక్కలు) 1994 నుంచి వాడుకలో ఉన్నాయి. 25 మైక్రోలీటర్ల మిక్సుకు 12.5 మైక్రోలీటర్ల మాస్టర్‌మిక్స్, 10 మైక్రోమోలార్ ప్రైమర్లు ఒక్కోటి 1, డీఎన్‌ఏ 2, నీళ్లు 8.5. అనీలింగ్ (ప్రైమర్లు అతికే దశ) 48–50 డిగ్రీలు, 35 సైకిళ్లు. జెల్ మీద 700 బేస్‌ల దగ్గర ఒకే గీత రావాలి.

గీత వచ్చినంత మాత్రాన పురుగుదే అనుకోవద్దు. కొన్ని పురుగుల్లో, ఉదాహరణకు ఫోల్సోమియా కాండిడాలో, వొల్బాకియా బ్యాక్టీరియా కాపురముంటుంది. ఈ ప్రైమర్లు దాన్ని కూడా పెంచగలవు. న్యూక్లియస్‌లోకి చేరి మూలనపడ్డ మైటోకాండ్రియా జన్యువుల నకళ్లు కూడా పెరగొచ్చు. సీక్వెన్స్ రాగానే 5వ జెనెటిక్ కోడ్ పట్టికతో అనువదించి చూడండి. మధ్యలో స్టాప్ కోడాన్ ఉన్నా, ఒక బేస్ ఎక్కువతక్కువై ఫ్రేమ్ చెడినా అది నకలు కావొచ్చు, లేదా చదవడంలో తప్పు కావొచ్చు. పట్టిక తప్పుగా ఎంచుకుంటే మంచి సీక్వెన్స్ కూడా చెడ్డదిలా కనిపిస్తుంది: అకశేరుకాల మైటోకాండ్రియాలో టీజీఏ అంటే ట్రిప్టోఫాన్, ఏజీఏ అంటే సెరీన్. అదే ఏజీఏ సకశేరుకాల పట్టికలో స్టాప్.

లాంగ్ పీసీఆర్

2001లో టెట్రోడోంటోఫోరా అనే స్ప్రింగ్‌టెయిల్ పూర్తి మైటోకాండ్రియా జీనోమ్ వచ్చిన కాలంలో ఈ పద్ధతి గొప్ప మేలు చేసింది. ఇప్పటి చిక్కు లెక్కలో ఉంది. ఒక్కో సాంగర్ రీడ్‌లో నమ్మదగ్గది 600 బేస్‌లు అనుకుంటే 16 వేల బేస్‌లకు 27 రియాక్షన్లు, డీఎన్‌ఏ రెండు పోగులూ చదవాలంటే 54. పైగా ఒక రీడ్ వచ్చాకే తర్వాతి ప్రైమర్ డిజైన్ చేయగలం, అది వచ్చేదాకా ఎదురుచూడాలి. కోడాన్ వాడకం, జన్యువుల వరస మారిన గుంపుల్లో ప్రైమర్లు అసలు అతకవు. ప్రోట్యూరాలో ఈ వరస బాగా తారుమారైంది. డీఎన్‌ఏ కాస్త చెడినా 8 వేల బేస్‌ల ముక్క పెరగదు. స్కిమ్మింగ్‌లో మిగిలిన చిన్న ఖాళీ పూడ్చడానికి మాత్రం ఈ పద్ధతే పనికొస్తుంది.

జీనోమ్ స్కిమ్మింగ్

2 గిగాబేస్‌ల డేటా తీసుకున్నారనుకుందాం. అందులో 0.1 శాతమే మైటోకాండ్రియాదైనా 20 లక్షల బేస్‌లు. 16 వేల వలయానికి సగటున 125 రెట్ల కవరేజి, అంటే ఒక్కో బేస్‌ను సగటున 125 సార్లు చదివినట్టు, ధారాళంగా సరిపోతుంది. ప్రైమర్లతో పనే లేదు. డీఎన్‌ఏ కొంత ముక్కలైనా నడుస్తుంది. అన్నిటికన్నా మించి, అవే రీడ్స్‌లో 18ఎస్, 28ఎస్ న్యూక్లియర్ జన్యువులు కూడా ఉంటాయి. మైటోకాండ్రియా చెప్పే కథను వేరే సాక్షితో సరిచూసుకునే వీలు మూడు పద్ధతుల్లో దీనికే ఉంది.

ఇబ్బంది చిన్న పురుగులతోనే. ఒక్క స్ప్రింగ్‌టెయిల్‌లో డీఎన్‌ఏ చాలా తక్కువ. పదింటిని కలిపితే సరిపోతుందని కొందరు చేస్తారు, కానీ స్ప్రింగ్‌టెయిల్స్‌లో పైకి ఒకేలా కనిపించి లోపల వేరైన వంశాలు మామూలు. అలా కలిపితే రెండు వంశాల జీనోమ్ అతుకులబొంత అవుతుంది. తక్కువ డీఎన్‌ఏకు పనికొచ్చే లైబ్రరీ కిట్ (డీఎన్‌ఏను సీక్వెన్సింగ్‌కు సిద్ధం చేసేది) అడిగి తీసుకోండి. సాంపిల్ గుంటూరు నుంచి హైదరాబాదుకో బెంగళూరుకో పంపేటప్పుడు, సగం మీ దగ్గరే మైనస్ 20లో ఉంచుకోండి.

గెట్‌ఆర్గనెల్, నోవోప్లాస్టీ వంటి సాఫ్ట్‌వేర్‌తో కూర్చాక రీడ్స్‌ను తిరిగి దాని మీద పరిచి చూడాలి. ఏ, టీ బేస్‌లు (ఏటీ) ఎక్కువున్న, జన్యువులు లేని కంట్రోల్ రీజియన్‌లో కవరేజి పడిపోవడం మామూలే. అక్కడి పునరావృతాలు ఒకదాని మీద ఒకటి కూలి, జీనోమ్ ఉన్నదానికన్నా చిన్నగా కనిపించొచ్చు. జన్యువులు 37 ఉన్నాయా చూడండి: 13 ప్రోటీన్లవి, 22 టీఆర్‌ఎన్‌ఏలు, 2 ఆర్‌ఆర్‌ఎన్‌ఏలు. టీఆర్‌ఎన్‌ఏ ఒకటి తగ్గితే లేదని రాసేయకండి. కాంపోడియా అనే డిప్లూరన్‌లో కొన్ని టీఆర్‌ఎన్‌ఏలు కురచగా ఉండి సాఫ్ట్‌వేర్ కంటికి ఆనవు. చేత్తో వెతకాలి.

హద్దు ఎక్కడ?

2003లో నార్డి బృందం మైటోకాండ్రియా జన్యువులతో చెట్టు వేసి, కొలెంబోలా కీటకాలతో కలవదని, కీటకాలూ క్రస్టేషియన్లూ విడిపోకముందే అది వేరైపోయిందని చెప్పింది. అదే ఏడాది డెల్‌సుక్, ఫిలిప్స్, పెన్నీ అభ్యంతరం చెప్పారు: బేస్‌లను ప్యూరిన్, పిరిమిడిన్ అని రెండు అక్షరాలకు కుదిస్తే ఆరుకాళ్లవన్నీ ఒకే గుంపుగా కలుస్తున్నాయని. తర్వాత వందల న్యూక్లియర్ జన్యువులతో జరిగిన పనులు ఈ ఏక గుంపునే సమర్థించాయి, దానికి దగ్గర చుట్టంగా రెమిపీడియా అనే గుహల క్రస్టేషియన్లను చూపాయి.

తప్పెక్కడంటే, ఏటీ వాటా, రెండు పోగుల మధ్య బేస్‌ల అసమానత ఒక్కో గుంపులో ఒక్కోలా ఉంటాయి. వేగంగా మారిన పొడవాటి కొమ్మలు చుట్టరికం లేకున్నా ఒకదాన్నొకటి లాక్కుంటాయి. జన్యువుల సంఖ్య పెంచితే ఈ లోపం పోదు, పైగా తప్పు కొమ్మకే బూట్‌స్ట్రాప్ (కొమ్మ మీద నమ్మకం కొలిచే అంకె) 100 వస్తుంది. కాబట్టి మూడో స్థానాలు తీసేసి ఒకసారి, అమైనో ఆమ్లాలతో ఒకసారి, ఒక్కో స్థానం మారే తీరును వేరుగా లెక్కించే క్యాట్-జీటీఆర్ మోడల్‌తో ఒకసారి చెట్టు వేయండి. మోడల్ మార్చగానే కొలెంబోలా చోటు మారితే ఆ ప్రశ్నకు మీ డేటా జవాబు చెప్పడం లేదు. జన్యువుల వరస మాత్రం లోతైన చోట కూడా పనికొస్తుంది: కాక్స్1, కాక్స్2 మధ్య లూసిన్ టీఆర్‌ఎన్‌ఏ ఉండటం కీటకాలకూ క్రస్టేషియన్లకూ ఉమ్మడి గుర్తు. జెర్రులు, సాలీళ్లలో అది వేరే చోట ఉంటుంది.

చేతిలో డబ్బు తక్కువైతే పట్టిన పురుగులన్నిటికీ బార్‌కోడ్ చేసి, అందులోంచి వేర్వేరు కుటుంబాలవి నాలుగింటిని స్కిమ్మింగ్‌కు పంపండి. ప్రశ్నను జైజెంటోమా లోపలి కుటుంబాలకో, డిప్లూరాలో జాపిక్స్, కాంపోడియా వంశాల మధ్య తేడాకో పరిమితం చేయండి, పూర్తి జీనోమ్ అక్కడ నిలకడగా జవాబిస్తుంది. జీనోమ్‌ను జెన్‌బ్యాంక్ అనే బహిరంగ డీఎన్‌ఏ డేటాబేస్‌లో పెట్టేటప్పుడు స్లైడ్ నంబరు, సేకరించిన చోటు రాయండి. ముడి రీడ్స్ కూడా వాటికోసం ఉన్న ఎస్‌ఆర్‌ఏ డేటాబేస్‌లో పెట్టండి, 18ఎస్, 28ఎస్ అందులోనే ఉన్నాయి.